పేర్లు చదివే స్టేషన్

సోమవారం. ఉక్క.

ఈ పుస్తకం రేడియో కోసం. ఎక్కడ ముల్లు ఆపితే ఏం వినపడిందో రాసుకోకపోతే మర్నాటికి గుర్తుండటం లేదు.

బడి మూసేసిన రోజు తోటి టీచర్లు బల్లలూ కుర్చీలూ పంచుకున్నారు. నేను ఆలస్యంగా వెళ్ళాను. సైన్సు గది అలమరాలో ఈ షార్ట్‌వేవ్ రేడియో ఒక్కటే మిగిలింది. ఎవరూ ముట్టుకోలేదు. ఆకాశంలో ఉపగ్రహాలు మాడిపోయాక ఫోన్లు టార్చిలైట్లుగానే మిగిలాయి, ఈ డబ్బా ఎవరిక్కావాలి? నాకూ అక్కర్లేకపోయేది. కానీ ఆ రోజు పొద్దున్నే, రేషను కబుర్లు చెప్పే గోడ మైకు ఒక మాట చెప్పింది. "అండమాన్‌లో సముద్రం పొంగింది. వివరాలు అందలేదు." ఆ వెంటనే బియ్యం ఎప్పుడిస్తారో చెప్పడం మొదలుపెట్టింది.

నా చెల్లెలు పుణ్యవతి పోర్ట్‌బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్‌లో ఉంటుంది. అక్కడొక హాస్టల్లో వంట చేస్తుంది. వివరాలు అందలేదు.

సాయంత్రం నీళ్ళ వంతు అయ్యాక రేడియో భోజనాల బల్ల మీద పెట్టి ముల్లు తిప్పాను. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒకటే గుర్రు. భుజాలు లాగేస్తున్నాయి. ఆరో అంతస్తుకి బిందెలు మోసిన చేతులతో ముల్లు సన్నగా తిప్పడం కూడా కష్టమే.

మంగళవారం. కాస్త గాలి.

ఇంట్లో వినపడదని తేలింది. గోడల నిండా ఇనుప చువ్వలు, అవి గొంతుల్ని లోపలికి రానివ్వవు. బాల్కనీలోకి తీసుకెళ్తే గుర్రు సగమైంది. రేడియో కడ్డీ విరిగిపోయి ఉంది. పనికిరాని ఇంటర్నెట్ వైరు చీల్చి, లోపలి రాగితీగని కడ్డీ మొదట్లో చుట్టి, రెండో కొసని బట్టలారేసే దండేనికి కట్టి దాని పొడవునా లాగాను. దాని మీద ఆరేసిన చీర తీసి లోపల వేశాను.

పొద్దు వాలుతుండగా ఒక మగ గొంతు వచ్చింది. ఏ భాషో తెలియదు. కోపంగా ఉన్నాడో వార్తలు చదువుతున్నాడో తెలియదు. అలలాగా దగ్గరకొచ్చి, మళ్ళీ దూరమైపోయాడు. ఆ గొంతు పోయాక కూడా అక్కడే కూర్చున్నాను. ఈ ఊరు కాని గొంతు విని మూడేళ్ళయింది.

గురువారం. ముసురు.

దొరికింది.

నలభై ఒక్క మీటర్ల బ్యాండు దగ్గర, ముల్లు వెంట్రుకవాసి కదిపితే పోతుంది. గుర్రు అడుగున ఒక ఆడగొంతు. ముందు హిందీ, తర్వాత బెంగాలీ, తమిళం, ఆఖర్న తెలుగు. "ఇది పోర్ట్‌బ్లెయిర్" అనడం రెండుసార్లు విన్నాను. ఆ తర్వాత పేర్లు. సహాయ శిబిరాల్లో ఉన్నవాళ్ళ పేర్లు చదువుతోంది. నీళ్ళలో మునిగిన మనిషి చదువుతున్నట్టుంది. పది పేర్లలో ఒకటి అందుతోంది, అదీ సగం. "...రావు", "...నమ్మ, పలాస", "...కోసం..." అంతే.

పేట పేరు మాత్రం తెలిసింది. ఈరోజు డెలానిపూర్. చివర్లో ఆవిడ చెప్పింది, ఇది మాత్రం చెవి ఆనించి గట్టిగా పట్టుకున్నాను. జనరేటర్‌కి డీజిలు లేదట. ఒక్కో పేటా ఒక్కసారే చదువుతారట. జంగ్లీఘాట్ వచ్చే బుధవారం.

ఒక్కసారే.

శుక్రవారం. ఎండ.

గుర్రు ఎక్కడ్నుంచి వస్తోందో పట్టుకోవాలి. ఇంట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా ఆపాను. ఫ్యాను, సోలారు దీపం, చార్జరు. దీపం ఆపితే కొంచెం తగ్గింది. అసలుది తగ్గలేదు.

రేడియో చంకలో పెట్టుకుని మెట్లెక్కాను. డాబా మీద సోలారు పలకల దగ్గర చెవులు చిల్లులు పడేలా రొద. కిందికి దిగాను. సెల్లారులో సముద్రపు నీళ్ళు, వాటి పైన కరెంటు బోర్డులు, అక్కడా అంతే. గేటు దాటి ఊరి బయటికి పోదామంటే పొద్దు వాలగానే తాళం వేసేస్తారు, దీపాల్లేని వీధుల్లోకి ఎవర్నీ వదలరు. ఆవిడ చదివేది సరిగ్గా పొద్దు వాలినప్పుడే.

మా అంతస్తు కారిడార్‌లో నడుస్తూ రేడియో అటూ ఇటూ తిప్పాను. మా తలుపు దగ్గర కంటే ఎదుటి తలుపు దగ్గర గుర్రు పెద్దదైంది. తలుపుకి ఆనిస్తే రేడియో ఒళ్ళంతా అదిరింది.

అది రజియా వాళ్ళ ఇల్లు. లోపల ఆవిడ భర్త సత్తార్ గారి ఆక్సిజన్ మెషీను రాత్రింబవళ్ళు నడుస్తూనే ఉంటుంది. విశాఖ పోర్టులో బొగ్గు దించే క్రేన్ మీద ఇరవై ఏళ్ళు పనిచేసిన ఊపిరితిత్తులు. మెషీను ఆగితే ఆయన పెదాలు నీలంగా మారతాయి.

రజియా తలుపు తీసింది. "ఏంటక్కా, నీళ్ళ వంతు మారిందా?" అంది.

లేదని చెప్పి వచ్చేశాను.

ఆదివారం. ఉక్క.

రెండు రోజులుగా రజియాతో కలిసి బిందెలు మోస్తున్నాను గానీ ఏమీ చెప్పలేకపోయాను. మూడో అంతస్తు దగ్గర ఆగి ఆయాసం తీర్చుకుంటున్నప్పుడు ఆవిడే అడిగింది.

"మొన్న మా తలుపుకి ఏంటో ఆనించి నిలబడ్డావంట. పక్కావిడ చూసింది. ఏంటది?"

చెప్పాను. చెల్లెలి సంగతీ, బుధవారం చదివే పేర్ల సంగతీ. మెషీను సంగతి మాత్రం చెప్పలేదు, రేడియోలో గుర్రు ఎక్కువగా ఉందని అన్నాను. "తెచ్చి చూపించు, ఆయనకీ పొద్దు పోదు" అంది.

సాయంత్రం తీసుకెళ్ళాను. సత్తార్ గారు సముద్రం వైపు కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని ఉన్నారు. రోజంతా ఆయన చూసేది ఆ కిటికీలోంచే. రేడియో చేతుల్లోకి తీసుకుని బరువు చూసినట్టు ఊపారు. మా నాన్న ఇలాంటిది పెట్టుకుని ఇంట్లో తిరిగేవాడు టీచరమ్మా, గొంతు సరిగ్గా రాకపోతే రేడియోని పక్కకి తిప్పేవాడు, అన్నారు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పారు.

ఇంటికొచ్చి పాత క్యారమ్ బోర్డు పలక ఊడగొట్టి, చట్రానికి వైరు చుట్టలు చుట్టి రేడియోకి తగిలించాను. చట్రాన్ని నెమ్మదిగా తిప్పితే ఒక చోట గుర్రు చటుక్కున పడిపోయింది. కానీ అక్కడ ఆవిడ గొంతు కూడా పడిపోయింది. మా ఇంటి నుంచి చూస్తే రజియా వాళ్ళ ఇల్లూ సముద్రం వైపే, పోర్ట్‌బ్లెయిరూ సముద్రం వైపే. ఒకదానికి చెవి మూస్తే రెండోది కూడా మూసుకుంటోంది.

ఇవాళ్టి పేర్లలో రెండే అందాయి. చట్రం మంచం కింద పడేశాను.

సోమవారం. ఉక్క.

ఇవాళ గొడవైంది.

సత్తార్ గారే కనిపెట్టారు. పొద్దున కరెంటు కాసేపు పోయింది. ఆ కాసేపూ ఆయనకి చిన్న సిలిండరు పెట్టారట. అదే సమయంలో నేను మా బాల్కనీలో రేడియో పెట్టి చూస్తున్నాను. మెషీను ఆగగానే గుర్రు పోయింది, నేను "అబ్బ!" అని గట్టిగా అన్నానట. తలుపులు తీసే ఉన్నాయి, ఆయనకి వినపడింది.

కబురు పెట్టి పిలిపించారు. "నా మెషీనేనా టీచరమ్మా, మీ రేడియోకి అడ్డం?"

అబద్ధం చెప్పలేకపోయాను.

"మరి చెప్పరేం? బుధవారం ఆ కాసేపూ ఆపేద్దాం. సిలిండరు ఉంది కదా."

రజియా చేతిలో గిన్నె కింద పెట్టింది. "ఏం మాట్లాడుతున్నారండీ? అది కరెంటు పోయిన రోజుకి. మళ్ళీ ఎప్పుడు నింపుతారో ఎవరికీ తెలీదు. రేపు పెద్ద గాలి వచ్చి కరెంటు పోతే?" నా వైపు తిరిగింది. "అక్కా, మీ చెల్లెలి పేరు రేడియోలో వింటే ఆవిడ బతుకుతుందా? వినకపోతే పోతుందా? ఉన్నవాళ్ళు ఉంటారు. ఈయన్ని నేను రోజూ బతికించుకోవాలి."

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. "నేను అడగలేదు రజియా, అడగను కూడా" అన్నాను.

"అడగక్కర్లేదు. నువ్వు అలా మొహం పెట్టుకుని నిలబడితే చాలు" అంది.

సాయంత్రం నీళ్ళకి విడివిడిగా వెళ్ళాం. రేడియో తెరవలేదు.

మంగళవారం. పొద్దున.

తెల్లవారగానే రజియా తలుపు కొట్టింది. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "ఆయన రాత్రంతా నిద్రపోలేదు, పోనివ్వలేదు. ఆ ఉత్తరం చివర మూసేసిన ఫ్లాటు ఉంది కదా, అందులో రేడియో వినపడుద్దా?" అంది.

అక్కడ నేను ముందే చూశాను. ఆ ఇంటి వాళ్ళు ఊరొదిలి వెళ్ళేముందు తుఫాన్లకి భయపడి కిటికీలన్నిటికీ రేకులు కొట్టించారు. తలుపు సందులో రేడియో పెట్టి చూస్తే పూర్తిగా చెవుడు. గుర్రు కూడా లేదు.

అదే చెప్పాను. రజియా వెళ్ళి ఆయనకి చెప్పింది. ఎదురింట్లో ఆయన నవ్వడం, ఆ నవ్వు దగ్గులోకి మారడం వినపడ్డాయి. కాసేపటికి ఆవిడ మళ్ళీ వచ్చింది.

"గొంతు లోపలికి రాకపోతే చప్పుడు బయటికి కూడా పోదు కదా, నన్నే అందులో పెట్టండి అంటున్నారు."

రేకులు కొట్టిన గది. కిటికీ లేదు, గాలి లేదు, సముద్రం కనపడదు. ఈ ఉక్కలో.

"వద్దు రజియా" అన్నాను.

"నేనూ వద్దనే అన్నాను. నా మాట వింటే కదా." ఆవిడ అప్పుడు గుమ్మంలో కూర్చుంది. "మెషీను ఆగేది ఆ కారిడార్ దాటేంతసేపే. సిలిండరు కొంచెమే ఖర్చవుద్ది. అంతవరకూ ఒప్పుకున్నాను. నీ కోసం కాదక్కా. ఈ మెషీను మొదలైనప్పట్నుంచి ఈయన ఒకళ్ళకి పనికొచ్చే మాట అన్లేదు. నిన్న అన్నారు."

మంగళవారం. సాయంత్రం.

ఆ ఫ్లాటు తాళం మా అపార్ట్‌మెంటు సెక్రటరీ వరహాలరావు దగ్గర ఉంది. మొదట నేను వెళ్ళాను.

"కుదర్దమ్మా. ఆల్లు నన్ను నమ్మి తాళం ఇచ్చీసి ఎల్లారు. రేపు వొచ్చి అడిగితే ఏటి సెప్పమంటావు?" అన్నాడు.

"మూడేళ్ళ నుంచి రానివాళ్ళు రేపు వస్తారా సెక్రటరీ గారూ?"

"వొస్తారో రారో, మాట మాటే కదా."

తిరిగొచ్చాను. ఆయన మొండివాడు కాదు. ఆ తాళం తప్ప ఆయన చేతిలో ఇప్పుడు ఇంకేమీ లేదు. సెక్రటరీ అనే మాటకి అదొక్కటే మిగిలింది.

రజియా ఖాళీ బిందె తీసుకుని వెళ్ళింది. సెక్రటరీ గుమ్మం ముందు బిందె బోర్లించి పెట్టిందట. "రేపట్నుంచి మీ ఇంటి నీళ్ళు మీరే మోసుకోండి. మీ మోకాళ్ళు బాగోలేవని ఏడాది నుంచి నేనూ టీచరక్కా మోస్తున్నాం. దానికి మేము ఏ మాటా ఇవ్వలేదు, అయినా మోశాం" అందట.

తాళం తెచ్చింది. వెనకాలే ఆయనా వచ్చాడు, చీపురుతో. "సామాను ముట్టుకోకండి. ఊడ్సి ఇస్తాను" అన్నాడు. ఊడ్చాడు కూడా.

బుధవారం. ఉక్క. పేర్ల రోజు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక సత్తార్ గార్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నేనొక వైపు, వరహాలరావు ఒక వైపు, రజియా వెనక పట్టుకుని ఎత్తాం. సిలిండరు ఆయన ఒళ్ళో ఉంది. రోజూ చూసే కారిడార్ ఇంత పొడుగని ఎప్పుడూ అనుకోలేదు. సగం దూరంలో వరహాలరావు మోకాలు మడతపడింది. కుర్చీ ఒరిగింది, గొట్టం ముక్కులోంచి జారింది. రజియా రెండు చేతులతో దాన్ని మళ్ళీ పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని చెయ్యి ఊపారు, పోనివ్వండి అన్నట్టు.

లోపల పెట్టి మెషీను తగిలించాం. ఆయన పెదాల రంగు తిరిగొచ్చేదాకా ముగ్గురం ఆయన్నే చూస్తూ నిలబడ్డాం. గది పొయ్యిలా ఉంది. రజియా తడిగుడ్డ ఆయన నెత్తి మీద వేసింది.

"వెళ్ళండి, వెళ్ళి వినండి" అన్నారు. "రజియా, నువ్వూ వెళ్ళు. ఈయన ఉంటాడు నా దగ్గర."

వరహాలరావు అట్టముక్కతో విసరడం మొదలుపెట్టాడు.

పొద్దు వాలుతుండగా బాల్కనీలో రేడియో తెరిచాను. గుర్రు పూర్తిగా పోలేదు, కానీ దూరంగా వాన పడుతున్నంత మెత్తగా అయింది. హిందీ, బెంగాలీ, తమిళం అయ్యాయి. రజియా నా పక్కన కింద కూర్చుంది.

"ఇది పోర్ట్‌బ్లెయిర్. జంగ్లీఘాట్. తెలుగువాళ్ళు."

ఇన్నాళ్ళూ నీళ్ళ అడుగునుంచి వచ్చిన గొంతు ఎదురుగా కూర్చుని చదువుతున్నట్టుంది. ఆవిడకి జలుబు చేసింది. కాగితం తిప్పడం కూడా వినపడింది.

"బమ్మిడి కామయ్య. వెతుకుతున్నది తమ్ముడు లోకనాథం, పలాస. కబురు లేదు."

"కిల్లాన గవరయ్య. వెతుకుతున్నది భార్య ఎర్నమ్మ, విశాఖపట్నం, చేపలరేవు. కబురు లేదు."

ముందు అర్థం కాలేదు. ఇన్ని రోజులూ సగం సగం విని, అవన్నీ అక్కడ బతికున్నవాళ్ళ పేర్లే అనుకున్నాను. కాదు. సగం పేర్లు మనవి. అక్కడివాళ్ళు మనల్ని వెతుకుతున్నారు. ఉపగ్రహాలు పోయి, ఇక్కడ సముద్రం ఊళ్ళోకి వచ్చి, మనం ఉన్నామో లేదో వాళ్ళకి తెలియదు. ఆవిడ ఒక్కొక్కళ్ళనీ అడుగుతోంది.

పేర్లు వెళ్తున్నాయి. రజియా నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేటంతగా.

"సనపల పుణ్యవతి."

రేడియోకి చెవి ఆనించాను.

"వెతుకుతున్నది అక్క విశాలాక్షి, విశాఖపట్నం, సముద్రం ఒడ్డు ఫ్లాట్లు. కబురు లేదు."

"ఉన్నాను" అన్నాను.

నాకు తెలియకుండానే పైకి అన్నాను. రేడియో ముందుకి వంగి మళ్ళీ అన్నాను. "పున్నీ, ఉన్నానే. ఇక్కడే ఉన్నాను."

ఇది వినే డబ్బా, చెప్పే డబ్బా కాదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆవిడ కాగితం తిప్పి తర్వాతి పేరుకి వెళ్ళిపోయింది. నా చెల్లెలు బతికే ఉంది. ఎక్కడో ఒక శిబిరంలో కూర్చుని, నేను పోయానేమోనని అనుకుంటూ ఉంది. ఆ రెండూ ఒకేసారి నా మీద పడ్డాయి. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

రజియా పెన్సిలు తీసి నా చేతిలో పెట్టింది. ఆవిడ మొహం తడిసి ఉంది. "అక్కా, రాయి. వాళ్ళవి కూడా రాయి. మళ్ళీ చదవరంట కదా."

రాశాను. అందినంతవరకూ రాశాను. విశాఖపట్నం అన్నవాటి పక్కన గీత పెట్టాను.

తర్వాత ఇద్దరం ఉత్తరం ఫ్లాటుకి వెళ్ళాం. సత్తార్ గారు చెమటలో మునిగి ఉన్నారు. కళ్ళతోనే అడిగారు.

"ఉందంట" అంది రజియా. "టీచరక్కని వెతుకుతోందంట."

ఆయన కళ్ళు మూసుకుని తల ఊపారు. వరహాలరావు విసరడం ఆపలేదు.

గురువారం. పొద్దున. మబ్బు.

సత్తార్ గారికి జ్వరం తగిలింది. గది మార్చేద్దామంటే వద్దన్నారు. హడ్డో, ప్రేమ్‌నగర్ పేటల పేర్లు ఇంకా చదవాలి కదా, అవి కూడా అయ్యాక చూద్దాం అన్నారు. రజియా ఆయన మీద అరిచింది, ఆయన వినలేదు. చివరికి వరహాలరావు సుత్తి తెచ్చి, మా వైపు కాకుండా అవతలి వైపు కిటికీకి ఉన్న ఒక రేకు ఊడదీశాడు. ఇంటివాళ్ళకి ఏం చెబుతారు అంటే మేకులు ఏరి జేబులో వేసుకున్నాడు. కొంచెం గాలి వస్తోంది. సముద్రం మాత్రం కనపడదు.

నీళ్ళ వంతు ముగించుకుని, గేటు తెరవగానే బయటికి వెళ్ళాను. కాళ్ళు వద్దంటున్నాయి. నిన్న రాసిన పేర్లలో చేపలరేవు దగ్గరగా ఉంది, అక్కడ్నుంచి మొదలుపెట్టాను. ఇద్దర్ని అడిగితే ఒకావిడ చెయ్యి చూపించింది.

ఎర్నమ్మ ఎండుచేపలు పరిచిన తాటాకుల చాప పక్కన కూర్చుని కాకుల్ని తోలుతోంది. నాకంటే పెద్దది. తలంతా నెరిసింది. నన్ను చూసి, "ఎండిన్వి లేవమ్మా, రేపు రా" అంది.

"చేపలకి రాలేదు. నువ్వేనా ఎర్నమ్మవి? కిల్లాన గవరయ్య భార్యవి?"

చేతిలో కర్ర ఆగింది. "అవును. ఏటి?"

ఎలా చెప్పాలో దారిపొడుగునా అనుకుంటూనే వచ్చాను. రేడియో, స్టేషను, శిబిరం, అన్నీ వరసగా పెట్టుకున్నాను. తీరా ఆవిడ ఎదుట నిలబడ్డాక ఒక్క మాటే వచ్చింది.

"మీ ఆయన నిన్ను అడుగుతున్నాడమ్మా."

ఎర్నమ్మ గబుక్కున లేచింది. చెంగు సర్దుకుని, నా భుజం మీదుగా రోడ్డు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

"ఏడీ?" అంది.

సముద్రం వైపు చెయ్యి చూపించాను.